యుద్ధ విమానాల ఎంపిక: వర్ధమాన దేశంగా భారతదేశ అనుభవం

విషయక్రమం

5.0 లక్ష్యాలు
5.1 ఉపోద్ఘాతం
5.2 హైదరాబాద్ పేరు, లండన్ నిర్ణయం: 1918
5.3 స్వాతంత్ర్యానంతర తొలి కొనుగోళ్లు
5.4 మిగ్-21 నిర్ణయం: 1962
5.5 మారుత్: ఇంజిన్ దొరకని విమానం
5.6 జాగ్వార్ నిర్ణయం: 1978
5.7 ఆలస్యం కూడా ఒక నిర్ణయమే: హాక్
5.8 1991 తరువాత
5.9 సారాంశం
5.10 మీ ప్రగతిని సరిచూసుకోండి – మాదిరి సమాధానాలు
5.11 మాదిరి పరీక్షా ప్రశ్నలు
5.12 పదకోశం

5.0 లక్ష్యాలు

ఈ పాఠాన్ని చదివిన తరువాత మీరు:

• యుద్ధ విమానాన్ని ఎంచుకునేటప్పుడు ఒక వర్ధమాన దేశం ఏయే అంశాలను తూచి చూడాలో వివరించగలుగుతారు.
• 1962లో మిగ్-21ను, 1978లో జాగ్వార్‌ను ఎంచుకోవడానికి దారితీసిన పరిస్థితులను పోల్చగలుగుతారు.
• మారుత్ విమానం ఆశించిన స్థాయికి ఎందుకు చేరలేదో విశ్లేషించగలుగుతారు.
• నిర్ణయంలో జాప్యం జరిగితే దాని మూల్యం ఎవరు చెల్లిస్తారో చర్చించగలుగుతారు.

5.1 ఉపోద్ఘాతం

ఈ పాఠం నేను వికారాబాద్ జిల్లా మోమిన్‌పేట్‌లో కూర్చుని రాస్తున్నాను. ఇక్కడి నుంచి సదాశివపేట, జహీరాబాద్ మీదుగా వెళితే బీదర్ వస్తుంది. అక్కడ భారత వాయుసేన శిక్షణ స్థావరం ఉంది. ఇటు హైదరాబాద్ వైపు దుండిగల్‌లో ఎయిర్ ఫోర్స్ అకాడమీ, హకీంపేటలో మరో శిక్షణ స్థావరం ఉన్నాయి. మా వైపు ఆకాశంలో శిక్షణ విమానం చప్పుడు వినిపించినప్పుడు పత్తి చేలో ఉన్నవాళ్లు ఒక్క క్షణం తలెత్తి చూసి మళ్లీ పనిలో పడతారు. ఆ విమానంలో ఉన్నది ఇరవై రెండు, ఇరవై మూడేళ్ల పిల్లలు. వాళ్లు నడిపే యంత్రాన్ని వాళ్లు ఎంచుకోలేదు. వాళ్లు పుట్టకముందే ఎవరో, ఎక్కడో ఎంచుకున్నారు. ఆ ఎంపికలు ఎలా జరిగాయన్నదే ఈ పాఠంలోని విషయం.

'ఏ విమానం గొప్పది?' అనే ప్రశ్నతో చాలామంది ఈ చర్చ మొదలుపెడతారు. వేగం ఎంత, ఎంత ఎత్తుకు ఎగురుతుంది, ఎన్ని బాంబులు మోస్తుంది అని లెక్కలు వేస్తారు. కాని మోమిన్‌పేట్ రైతు ట్రాక్టర్ కొనేటప్పుడు హార్స్ పవర్ ఒక్కటే చూడడు. నా నేలకు ఇది సరిపోతుందా? పార్టులు వికారాబాద్‌లో దొరుకుతాయా, హైదరాబాద్ పోవాలా? మన మెకానిక్‌కు దీని పని తెలుసా? దుక్కి సమయానికి ఇంటికి వస్తుందా? అని అడుగుతాడు. యుద్ధ విమానం కొనే దేశం అడగవలసిన ప్రశ్నలు కూడా ఇవే. వాటిని నాలుగుగా చెప్పుకుందాం.

(1) మనకు కావలసిన పనికి ఇది సరిపోతుందా?
(2) అమ్మేవాడి వెనుక ఇంకెవరి అనుమతి అయినా కావాలా?
(3) దీన్ని తయారుచేసే, బాగుచేసే నేర్పు మన చేతికి వస్తుందా?
(4) అవసరానికి అందుతుందా?

ఈ నాలుగింటికీ జవాబు తెలిసిన తరువాతే ధరకు అర్థం ఏర్పడుతుంది. ఒక విమానం వాయుసేనలో ముప్పై, నలభై ఏళ్లు ఉంటుంది. కాబట్టి విమానాన్ని ఎంచుకోవడమంటే మరో దేశంతో అంతకాలం సాగే సంబంధాన్ని ఎంచుకోవడమే. ఈ నాలుగు ప్రశ్నలను గుర్తుపెట్టుకుని ముందుకు చదవండి.

5.2 హైదరాబాద్ పేరు, లండన్ నిర్ణయం: 1918

మన ప్రాంతానికి యుద్ధ విమానాలతో సంబంధం స్వాతంత్ర్యానికి చాలా ముందే ఏర్పడింది. మొదటి ప్రపంచ యుద్ధం చివరి ఏడాది అయిన 1918లో బ్రిటిష్ రాయల్ ఎయిర్ ఫోర్స్ 110వ స్క్వాడ్రన్‌కు కావలసిన డి.హెచ్.9ఏ బాంబర్లకు ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ డబ్బు సమకూర్చాడు. విమానాల మీద అది నిజాం కానుక అని రాశారు. ఆ స్క్వాడ్రన్‌కు హైదరాబాద్ పేరు వచ్చింది. వాటిలో ఒకటి యుద్ధంలో జర్మన్ల చేతికి చిక్కింది. అనేక చేతులు మారి ఇప్పుడు అది లండన్‌లోని రాయల్ ఎయిర్ ఫోర్స్ మ్యూజియంలో ఉంది. రెండవ ప్రపంచ యుద్ధంలో స్పిట్‌ఫైర్‌లు నడిపిన 152వ స్క్వాడ్రన్ కూడా హైదరాబాద్ పేరునే ధరించింది. నిజాం తలపాగా దాని చిహ్నంలో చోటుచేసుకుంది.

ఇక్కడ గమనించవలసినది ఏమిటి? డబ్బు హైదరాబాద్ సంస్థానానిది, పేరు హైదరాబాద్‌ది. ఏ విమానం తయారుచేయాలి, దాన్ని ఎవరి మీదికి పంపాలి అన్న నిర్ణయం మాత్రం లండన్‌ది. డబ్బు పెట్టడం వేరు, ఎంచుకోవడం వేరు. ఎంచుకునే హక్కు 1947 తరువాతనే మన చేతికి వచ్చింది. ఆ హక్కును వాడుకోవడం ఎంత కష్టమో కూడా అప్పుడే తెలిసింది.

5.3 స్వాతంత్ర్యానంతర తొలి కొనుగోళ్లు

భారత వాయుసేన 1932 అక్టోబర్ 8న ఏర్పడింది. దాని తొలి విమానాలు బ్రిటిష్ వారివైన వాపిటీలు. స్వాతంత్ర్యం వచ్చేనాటికి మన దగ్గర ఉన్నవి టెంపెస్ట్, స్పిట్‌ఫైర్ వంటి ప్రొపెల్లర్ విమానాలు. భారీ బాంబర్లు లేవు. యుద్ధానంతరం కాన్‌పూర్‌లో పనికిరాకుండా చేసి వదిలిపెట్టిన లిబరేటర్ బాంబర్లను 1948లో హిందుస్తాన్ ఎయిర్‌క్రాఫ్ట్ సంస్థ ఇంజినీర్లు, పనివాళ్లు ఒక్కొక్కటిగా బాగుచేసి మళ్లీ ఎగిరేలా చేశారు. కొత్త దేశపు బాంబర్ దళం అలా పాత ఇనుము కుప్పలోంచి పుట్టింది. పేదరికంలో నేర్పు ఎంత విలువైనదో ఈ సంఘటన చెబుతుంది.

1948లో వాంపైర్ జెట్లు వచ్చాయి. 1953లో ఫ్రాన్సు నుంచి ఊరగాన్లు కొని వాటికి 'తూఫానీ' అని పేరు పెట్టుకున్నాం. 1954లో అమెరికా పాకిస్తాన్‌కు సైనిక సహాయం మొదలుపెట్టింది. దాని ద్వారా సేబర్ జెట్లు పాకిస్తాన్‌కు అందాయి. దానికి జవాబుగా 1957-58 ప్రాంతంలో ఫ్రాన్సు నుంచి మిస్టేర్, బ్రిటన్ నుంచి హంటర్, కాన్‌బెర్రా, నాట్ విమానాలు మన వాయుసేనలో చేరాయి.

వీటిలో నాట్ కథ మన మొదటి ప్రశ్నకు మంచి ఉదాహరణ. అది చాలా చిన్న విమానం, చౌక కూడా. దాన్ని రూపొందించిన బ్రిటన్ తన సొంత వాయుసేనలో శిక్షణ విమానంగానే వాడుకుంది. మనం యుద్ధ విమానంగా తీసుకుని బెంగళూరులో తయారుచేసుకున్నాం. 1965 యుద్ధంలో పాకిస్తాన్ సేబర్లను ఎదుర్కొన్నది ఈ నాట్‌లే. పెద్ద దేశం వద్దనుకున్నది చిన్న జేబు ఉన్న దేశానికి సరిగ్గా సరిపోవచ్చు.

5.4 మిగ్-21 నిర్ణయం: 1962

1960ల ఆరంభంలో పాకిస్తాన్‌కు అమెరికా నుంచి ధ్వని వేగాన్ని మించి ఎగిరే ఎఫ్-104 స్టార్‌ఫైటర్లు చేరాయి. మన దగ్గర ఆ తరగతి విమానం లేదు. నెహ్రూ ప్రభుత్వంలో రక్షణ మంత్రిగా ఉన్న కృష్ణ మీనన్ కాలంలో సోవియట్ మిగ్-21 వైపు మొగ్గు ఏర్పడింది. పాశ్చాత్య దేశాలు దీన్ని ఇష్టపడలేదు. ఆ దేశాల విమానాల పేర్లు కూడా చర్చకు వచ్చాయి. చివరికి 1962 ఆగస్టులో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. రెండు నెలలకే చైనాతో యుద్ధం వచ్చింది. తొలి మిగ్-21లు 1963లో చండీగఢ్ చేరాయి.

మిగ్-21ను ఎంచుకోవడానికి వేగం ఒక్కటే కారణం కాదు. రెండు ఇతర కారణాలు బలంగా పనిచేశాయి. మొదటిది, విదేశీ మారకద్రవ్యం కొరతగా ఉన్న రోజుల్లో రూపాయల్లో చెల్లించే వీలు. రెండవది, విమానాన్ని భారతదేశంలోనే తయారుచేసుకోవడానికి సోవియట్ యూనియన్ ఇచ్చిన లైసెన్సు. దాని ఫలితంగా విమానపు దేహం నాసిక్‌లో, ఇంజిన్ ఒడిశాలోని కోరాపుట్‌లో, ఎలక్ట్రానిక్ పరికరాలు హైదరాబాద్‌లో తయారుచేసే ఏర్పాటు జరిగింది. హైదరాబాద్ బాలానగర్‌లోని హిందుస్తాన్ ఏరోనాటిక్స్ కర్మాగారం 1965లో ఇందుకోసమే మొదలైంది.

ఈ ఎంపిక విలువ 1965 యుద్ధంలో మరోవైపు నుంచి తెలిసింది. యుద్ధం మొదలవగానే అమెరికా రెండు దేశాలకూ ఆయుధ సరఫరా ఆపివేసింది. అమెరికన్ విమానాల మీదే ఆధారపడిన పాకిస్తాన్‌కు విడిభాగాల కొరత ఎక్కువగా తగిలింది. ఒకే దుకాణం మీద ఆధారపడితే ఏమవుతుందో మనం పక్కింటి అనుభవం నుంచి నేర్చుకున్నాం. అయితే ఆ పాఠాన్ని పూర్తిగా ఒంటపట్టించుకున్నామా? దీనికి జవాబు 5.8లో చూస్తారు.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1
సూచన: మీ సమాధానాన్ని నోటుపుస్తకంలో రాసి, పాఠం చివర ఇచ్చిన సమాధానంతో పోల్చుకోండి.
1962లో మిగ్-21ను ఎంచుకోవడానికి వేగం కాక తోడ్పడిన రెండు అంశాలు ఏవి?

5.5 మారుత్: ఇంజిన్ దొరకని విమానం

కొనడం ఎందుకు, మనమే తయారుచేసుకోవచ్చు కదా అని మీరు అడగవచ్చు. ఆ ప్రయత్నం కూడా జరిగింది. జర్మన్ రూపకర్త కుర్ట్ టాంక్ నాయకత్వంలో బెంగళూరులో హెచ్.ఎఫ్-24 మారుత్ రూపొందింది. 1961 జూన్ 17న తొలిసారి ఎగిరింది. అప్పటికి ఆసియాలో ఇంకే వర్ధమాన దేశమూ అంత పెద్ద ప్రయత్నానికి దిగలేదని చెప్పవచ్చు.

విమానపు దేహం ధ్వని వేగాన్ని మించడానికి తగినట్లు రూపొందింది. దానికి తగిన ఇంజిన్ మాత్రం దొరకలేదు. అనుకున్న బలమైన ఆర్ఫియస్ ఇంజిన్ అభివృద్ధికి కావలసిన ఖర్చు భరించడానికి ప్రభుత్వం వెనకాడింది. ఏనుగునిచ్చి అంకుశం దగ్గర పేచీ పెట్టినట్లయింది. తరువాత ఈజిప్టుతో కలిసి మరో ఇంజిన్ కోసం చేసిన ప్రయత్నం కూడా ఫలించలేదు. చివరికి తక్కువ శక్తిగల ఆర్ఫియస్‌తోనే 147 మారుత్‌లు తయారయ్యాయి. 1971 యుద్ధంలో రాజస్థాన్ సరిహద్దులో అవి బాగానే పనిచేశాయి. అయినా అనుకున్న వేగాన్ని ఏనాడూ అందుకోలేదు.

విమానానికి గుండె ఇంజిన్. అది ఎవరి చేతిలో ఉంటే విమానం భవిష్యత్తు వారి చేతిలో ఉంటుంది. ఈ మాట తరువాతి రెండు భాగాల్లో మళ్లీ ఎదురవుతుంది.

5.6 జాగ్వార్ నిర్ణయం: 1978

ఈ పాఠంలో మనం నిలిచి చూడవలసిన ఘట్టం ఇది. 1970ల నాటికి కాన్‌బెర్రాలు, హంటర్లు పాతబడ్డాయి. శత్రుభూమిలోకి లోతుగా చొచ్చుకుపోయి, రాడార్‌కు దొరకకుండా తక్కువ ఎత్తులో ఎగురుతూ దాడిచేసే విమానం వాయుసేనకు కావలసి వచ్చింది. ఈ అన్వేషణ ఏళ్ల తరబడి సాగింది. 1973 చమురు సంక్షోభం తరువాత విదేశీ మారకద్రవ్యం మరింత బరువైంది. ఫైలు కదలడం, ఆగడం మామూలైపోయింది.

చివరికి మూడు విమానాలు పోటీలో నిలిచాయి: బ్రిటన్, ఫ్రాన్సులు కలిసి తయారుచేసిన జాగ్వార్, ఫ్రాన్సు వారి మిరాజ్ ఎఫ్-1, స్వీడన్ వారి విగ్గెన్. మన నాలుగు ప్రశ్నలతో వీటిని పరిశీలిద్దాం.

విగ్గెన్ చాలా సమర్థమైన విమానం. స్వీడన్ ఏ సైనిక కూటమిలోనూ చేరని తటస్థ దేశం. అలీన విధానం అనుసరించే భారత్‌కు తటస్థ స్వీడన్ కంటే మంచి అమ్మకందారు ఎవరుంటారు? కాని విగ్గెన్ ఇంజిన్ అమెరికన్ ఇంజిన్ ఆధారంగా రూపొందినది. దాన్ని భారత్‌కు అమ్మాలంటే అమెరికా అనుమతి కావాలి. 1978లో కార్టర్ ప్రభుత్వం ఆ అనుమతి ఇవ్వలేదు. రెండవ ప్రశ్న దగ్గరే విగ్గెన్ పోటీ నుంచి తప్పుకుంది. మారుత్‌లో మనకు ఇంజిన్ దొరకలేదు, విగ్గెన్‌లో ఇంజిన్ ఉన్నా దొరకలేదు.

మిరాజ్ ఎఫ్-1 ప్రధానంగా ఆకాశంలో శత్రు విమానాలను అడ్డుకునే విమానం. జాగ్వార్ నేల మీది లక్ష్యాలపై దాడికోసం రూపొందింది. దానికి రెండు ఇంజిన్లు. శత్రుభూమిపై ఒకటి దెబ్బతిన్నా రెండవదానితో ఇంటికి చేరే ఆశ ఉంటుంది. తక్కువ ఎత్తులో దారి తప్పకుండా నడిపించే పరికరాలు ఉన్నాయి. బెంగళూరులో తయారుచేసుకోవడానికి లైసెన్సు ఉంది. నాలుగవ ప్రశ్నకు కూడా బ్రిటన్ మంచి జవాబు ఇచ్చింది. కొత్తవి తయారయ్యేలోపు వాడుకోవడానికి తన వాయుసేన నుంచే 18 జాగ్వార్లను అరువు ఇవ్వడానికి ఒప్పుకుంది.

అప్పుడు కేంద్రంలో మొరార్జీ దేశాయ్ నాయకత్వంలోని జనతా ప్రభుత్వం ఉంది. జగ్జీవన్ రామ్ రక్షణ మంత్రి. నిజమైన అలీన విధానం అనుసరిస్తామని చెప్పిన ఆ ప్రభుత్వానికి, సోవియట్ ఆయుధాల మీదే పూర్తిగా ఆధారపడకుండా పాశ్చాత్య విమానాన్ని తీసుకోవడం రాజకీయంగా కూడా నచ్చింది.

ఈ ఘట్టంలో మన నగరానికి చెందిన ఒక వ్యక్తి ముఖ్యపాత్ర వహించాడు. హైదరాబాద్‌లో 1923లో పుట్టిన ఇద్రిస్ హసన్ లతీఫ్ 1942లో వాయుసేనలో చేరాడు. దేశ విభజన సమయంలో పాకిస్తాన్ వాయుసేనకు రమ్మని సహచరులు పిలిచినా భారత్‌లోనే ఉండిపోయాడు. 1978 సెప్టెంబర్‌లో వాయుసేనాధిపతి అయ్యాడు. చాలాకాలంగా పక్కనపడి ఉన్న జాగ్వార్ ప్రతిపాదనకు ప్రభుత్వాన్ని ఒప్పించిన ఘనత ఆయనకు దక్కింది. ఆ అక్టోబర్‌లోనే నిర్ణయం వెలువడింది. సోవియట్ యూనియన్‌తో మిగ్-23, మిగ్-25 విమానాల గురించి చర్చలు జరిపింది కూడా ఆయన కాలంలోనే. అంటే ఒక చేత్తో లండన్ తలుపు, మరో చేత్తో మాస్కో తలుపు తెరిచి ఉంచారు. పదవీ విరమణ తరువాత మహారాష్ట్ర గవర్నర్‌గా, ఫ్రాన్సులో రాయబారిగా పనిచేసిన లతీఫ్ 2018లో హైదరాబాద్‌లోనే కన్నుమూశాడు.

చరిత్ర విద్యార్థులుగా మీరు ఇక్కడ ఒక జాగ్రత్త పాటించాలి. పదవి చేపట్టిన నెల రోజులకే ఇంత పెద్ద నిర్ణయం వెలువడిందంటే, అంతకుముందే ఎందరో పైలట్లు పరీక్షించి, ఇంజినీర్లు నివేదికలు రాసి, ముందటి సేనాధిపతి మూల్గావ్‌కర్ కాలంలో చర్చలు నడిచి ఉండాలి. చివరి సంతకం కనిపించినంతగా దాని ముందటి శ్రమ కనిపించదు. వ్యక్తికి ఇవ్వవలసిన ఘనత ఇస్తూనే, వెనుక ఉన్న వ్యవస్థను కూడా చూడాలి.

1979 జూలై 27న తొలి జాగ్వార్లు అంబాలాలో దిగాయి. వాటికి 'శంషేర్' అని పేరు పెట్టారు. 1982లో బెంగళూరులో కూర్చిన తొలి జాగ్వార్ ఎగిరింది.

ఇక ఫలితాన్ని తూచి చూద్దాం. లోపం ఇంజిన్‌లోనే ఉంది. మన వేడి వాతావరణంలో, నిండు బరువుతో ఎగిరేటప్పుడు దాని శక్తి చాలదన్న ఫిర్యాదు మొదటినుంచీ ఉంది. కొత్త ఇంజిన్ బిగించాలన్న ఆలోచన ఏళ్ల తరబడి నలిగి, ఖర్చు ఎక్కువని 2019లో విరమించుకున్నారు. లాభం మూడవ ప్రశ్న దగ్గర కనిపిస్తుంది. బ్రిటిష్ వారు అమర్చిన దారిచూపే వ్యవస్థ స్థానంలో మన ఇంజినీర్లు, పైలట్లు కలిసి 'డారిన్' అనే వ్యవస్థను రూపొందించి అమర్చారు. తరువాత దాన్ని మళ్లీ మళ్లీ మెరుగుపరిచారు. ఫ్రాన్సు 2005లో, బ్రిటన్ 2007లో, ఒమన్ 2014లో జాగ్వార్లను పక్కనపెట్టాయి. ఫ్రాన్సు పక్కనపెట్టిన విమానాలను విడిభాగాల కోసం తెచ్చుకుని మరీ మనం నడుపుతున్నాం. దీన్ని నేర్పు అనాలా, గతిలేనితనం అనాలా? రెండూ ఉన్నాయని నా అభిప్రాయం.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 2
తటస్థ దేశమైన స్వీడన్ విమానం భారత్‌కు ఎందుకు దక్కలేదు?

5.7 ఆలస్యం కూడా ఒక నిర్ణయమే: హాక్

మళ్లీ బీదర్ దగ్గరికి వద్దాం. 1980ల ఆరంభంలో వాయుసేనను ఒక ప్రశ్న వేధించింది. ప్రమాదాల్లో యువ పైలట్లు ఎక్కువగా ఎందుకు చనిపోతున్నారు? కిరణ్ వంటి నెమ్మదైన శిక్షణ విమానం దిగిన కుర్రవాడు నేరుగా మిగ్-21 ఎక్కవలసి వచ్చేది. ఆ రెండింటి వేగం మధ్య ఉన్న దూరం చాలా ఎక్కువ. ఎడ్లబండి తోలడం నేర్పి మరునాడే లారీ అప్పగించినట్లు. 1982లో ఎయిర్ మార్షల్ లా ఫాంటైన్ అధ్యక్షతన పనిచేసిన కమిటీ, మధ్యలో ఒక మెట్టుగా ఉన్నత స్థాయి జెట్ శిక్షణ విమానం కావాలని సిఫార్సు చేసింది.

బ్రిటిష్ హాక్ విమానాల కొనుగోలుకు ఒప్పందం కుదిరింది 2004 మార్చిలో. అవి బీదర్‌లో లాంఛనంగా చేరింది 2008 ఫిబ్రవరిలో. సిఫార్సుకూ సంతకానికీ మధ్య ఇరవై రెండేళ్లు. ఈ కాలంలో ఎవరూ 'వద్దు' అనలేదు. ధర గురించి బేరాలు, ఏ విమానమన్న తర్జనభర్జనలు, ప్రభుత్వాల మార్పులు, ఫైళ్ల ప్రయాణం – ప్రతి ఒక్కదానికీ ఏదో ఒక కారణం ఉంది. కాని ఆ ఇరవై రెండేళ్లూ మధ్య మెట్టు లేకుండానే పిల్లలు ఎక్కారు. మిగ్-21 ప్రమాదాలకు యంత్రం, నిర్వహణ, పక్షులు ఢీకొనడం వంటి కారణాలు అనేకం ఉన్నాయి. శిక్షణలోని లోటు ఒక్కటే కారణమనడం సరికాదు. అయితే తెలిసిన లోటును అంతకాలం పూడ్చకపోవడం మాత్రం సమర్థించలేనిది.

ఆలస్యానికి అయ్యే ఖర్చు బడ్జెట్ పుస్తకంలో కనిపించదు. అందుకే దాన్ని ఎవరూ లెక్కపెట్టరు. లెక్కపెట్టేది ఇళ్లలో ఎదురుచూసే తల్లిదండ్రులు.

5.8 1991 తరువాత

1980ల మధ్యలో ఫ్రాన్సు నుంచి మిరాజ్-2000, సోవియట్ యూనియన్ నుంచి మిగ్-29 వచ్చాయి. 1999 కార్గిల్ పోరాటంలో మిరాజ్‌లు కీలకపాత్ర వహించాయి. అయినా వాయుసేనలో ఎక్కువ భాగం సోవియట్ విమానాలదే. 1991లో సోవియట్ యూనియన్ కూలిపోగానే విడిభాగాలు తయారుచేసే కర్మాగారాలు కొత్తగా ఏర్పడిన వేర్వేరు దేశాల్లో పడ్డాయి. విడిభాగాల కొరత మనల్ని కూడా చుట్టుముట్టింది. 1965లో పక్కింటికి తగిలిన దెబ్బ ఈసారి మన ఇంటికి తగిలింది.

2007లో 126 విమానాల కోసం టెండరు పిలిచారు. ఆరు విమానాలు పోటీపడ్డాయి. 2012లో ఫ్రాన్సు వారి రఫేల్‌ను ఎంపిక చేశారు. మన దేశంలో తయారయ్యే విమానాల బాధ్యత ఎవరిది అన్న అంశంపై చర్చలు చిక్కుపడ్డాయి. చివరికి 2016లో 36 విమానాలకు మాత్రమే ఒప్పందం జరిగింది. తొలి ఐదు 2020 జూలైలో అంబాలాకు చేరాయి.

స్వదేశీ తేజస్ విమానానికి 1983లో అంకురార్పణ జరిగింది. అది 2001 జనవరి 4న తొలిసారి ఎగిరింది. 2016లో మొదటి స్క్వాడ్రన్ ఏర్పడింది. 1998 అణు పరీక్షల తరువాత అమెరికా విధించిన ఆంక్షలు ఈ కార్యక్రమాన్ని కుదిపాయి. ఆ దెబ్బతో మన శాస్త్రజ్ఞులు విమాన నియంత్రణ వ్యవస్థను సొంతంగా పూర్తిచేశారు. ఇంజిన్ మాత్రం ఇప్పటికీ అమెరికా నుంచి రావలసిందే. దాని సరఫరా ఆలస్యం కావడంతో కొత్త తేజస్‌ల రాక కూడా ఆలస్యమైంది. మారుత్ నాటి చిక్కు ఇంకా పూర్తిగా విడలేదు.

2025 సెప్టెంబర్ 26న మిగ్-21 సేవలు చండీగఢ్‌లో ముగిశాయి. 1962 నాటి నిర్ణయం అరవై ఏళ్లకు పైగా నడిచింది. అదే ఏడాది జూన్‌లో రఫేల్ విమానపు దేహభాగాలను హైదరాబాద్‌లో తయారుచేయడానికి టాటా, దసో సంస్థల మధ్య ఒప్పందం కుదిరింది. 1918లో డబ్బు మాత్రమే పంపిన నగరం ఇప్పుడు విమానపు దేహభాగాలను తయారుచేయడానికి సిద్ధమైంది. ఇది చిన్న మార్పు కాదు. అలాగని గుండె కూడా మన దగ్గరే తయారవుతోందని భ్రమపడకూడదు.

5.9 సారాంశం

యుద్ధ విమానం ఎంపికలో యంత్రం గొప్పతనం ఒక అంశం మాత్రమే. పని, అనుమతి, నేర్పు, సమయం అనే నాలుగు అంశాలు దాని విలువను నిర్ణయిస్తాయి. నాట్ మొదటి ప్రశ్నలో నెగ్గింది. విగ్గెన్ రెండవ ప్రశ్నలో ఓడింది. మిగ్-21, జాగ్వార్ మూడవ ప్రశ్నలో లాభం తెచ్చాయి. హాక్ నాలుగవ ప్రశ్నలో ఇరవై రెండేళ్లు వెనుకబడింది. మారుత్ నుంచి తేజస్ దాకా తీరని లోటు ఇంజిన్. పేద దేశానికి తప్పు ఎంపిక ఖరీదైనదే. ఎంచుకోకుండా కూర్చోవడం అంతకన్నా ఖరీదైనది. ఆ ఖరీదు చెల్లించేది ఎంపిక చేసే గదిలో లేనివారు.

కృత్యం: మీ ఊరిలో ట్రాక్టర్ లేదా వరికోత యంత్రం కొన్న ఒకరిని కలవండి. కొనేముందు ఏమేమి అడిగారో, కొన్న తరువాత ఏది అడగనందుకు బాధపడ్డారో రాసుకోండి. 5.1లోని నాలుగు ప్రశ్నలతో పోల్చి ఒక పేజీ రాయండి.

5.10 మీ ప్రగతిని సరిచూసుకోండి – మాదిరి సమాధానాలు

1. రూపాయల్లో చెల్లించే వీలు. భారతదేశంలోనే తయారుచేసుకోవడానికి లైసెన్సు.
2. విగ్గెన్ ఇంజిన్ అమెరికన్ ఇంజిన్ ఆధారంగా రూపొందింది కాబట్టి అమ్మకానికి అమెరికా అనుమతి కావాలి. 1978లో అమెరికా అనుమతించలేదు.

5.11 మాదిరి పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 వాక్యాల్లో సమాధానాలు రాయండి.
1. 1962, 1978 నాటి యుద్ధ విమానాల ఎంపికలను పోల్చి, వాటిపై అంతర్జాతీయ రాజకీయాల ప్రభావాన్ని వివరించండి.
2. 'విమానానికి గుండె ఇంజిన్' – మారుత్, విగ్గెన్, తేజస్ ఉదాహరణలతో చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 వాక్యాల్లో సమాధానాలు రాయండి.
1. 110వ స్క్వాడ్రన్‌కు హైదరాబాద్ పేరు ఎలా వచ్చింది?
2. జాగ్వార్ నిర్ణయంలో ఇద్రిస్ హసన్ లతీఫ్ పాత్రను అంచనా వేయండి.
3. హాక్ కొనుగోలులో జరిగిన జాప్యం నుంచి ఏమి నేర్చుకోవచ్చు?

5.12 పదకోశం

స్క్వాడ్రన్: వాయుసేనలో ఒకే రకం విమానాలతో పనిచేసే దళం.
లైసెన్సు ఉత్పత్తి: మరొకరు రూపొందించిన వస్తువును వారి అనుమతితో, వారిచ్చిన నమూనాల ప్రకారం మన దేశంలో తయారుచేయడం.
విదేశీ మారకద్రవ్యం: విదేశాల్లో చెల్లింపులకు వాడే డాలరు, పౌండు వంటి ద్రవ్యం.
అలీన విధానం: ప్రచ్ఛన్న యుద్ధ కాలంలో ఏ సైనిక కూటమిలోనూ చేరకుండా ఉండే విదేశాంగ విధానం.
ఆంక్షలు: ఒక దేశాన్ని ఒత్తిడికి గురిచేయడానికి వ్యాపారం, సరఫరాలపై విధించే నిషేధాలు.